సర్వీస్ రిజిస్టర్ ఒక చోట, పలికే మనిషి ప్రతి చోటా

సభకు నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్న ఆఫీసు సిబ్బంది, అటెండర్లు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు వీలైతే ముందుకొచ్చి కూర్చోండి. ఈ పూట మాట్లాడేది మీ గురించే.

విశ్వవిద్యాలయంలో ఉమ్మడి హెచ్‌ఆర్ సేవా కేంద్రం పెట్టాలన్న ఆలోచన మీద నన్ను మాట్లాడమన్నారు. సెలవు లెక్కలు, ఇంక్రిమెంట్లు, నామినేషన్లు, పెన్షన్ కాగితాలు ఇప్పుడు ఒక్కో విభాగంలో, ఒక్కో సెక్షన్‌లో, ఒక్కో బీరువాలో ఉంటున్నాయి. వాటన్నిటినీ ఒకే బృందం చూసుకోవాలన్నది ఈ ఏర్పాటు. నేను దీన్ని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కాకపోతే ఒక షరతు ఉంది. కాగితం ఒక చోటికి చేరాలి గానీ, ఆ కాగితం కోసం ఉద్యోగి ఊళ్లు తిరిగే పరిస్థితి రాకూడదు.

మన ప్రాంతానికి ఇది మరీ అవసరం. ఎందుకంటే ఇక్కడి రెండు రాష్ట్ర విశ్వవిద్యాలయాలూ పాత విశ్వవిద్యాలయాల నుంచి విడివడి వచ్చినవే. నెల్లూరు విక్రమ సింహపురి 2008లో ఏర్పడింది. ఇప్పుడు దాని కింద ఉన్న కావలి పీజీ సెంటర్ అంతకు ముందు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేది. ఒంగోలు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రం నుంచి ఎదిగింది. ఇలా విడివడ్డ చోట ఒక ఉద్యోగి చరిత్రంతా రాసే సర్వీస్ రిజిస్టర్ పుస్తకంలో మొదటి పేజీలు ఒక విశ్వవిద్యాలయం రాస్తుంది, తరవాతి పేజీలు ఇంకొకటి రాస్తుంది. మధ్యలో ఎల్‌పీసీ, అంటే చివరి జీతం ధ్రువపత్రం రాకపోయినా, ఆర్జిత సెలవుల నిల్వ ఎక్కించకపోయినా, ఒక్క ఇంక్రిమెంట్‌కు సంతకం పడకపోయినా ఆ రోజున ఎవరికీ తెలియదు. తెలిసేది రిటైరయ్యే ఏడాదిలోనే. పెన్షన్ ప్రపోజల్స్ పంపితే అభ్యంతరాలతో తిరిగొస్తాయి. అప్పటికి ఆ పేజీ రాసిన గుమస్తా ఎక్కడున్నాడో! సంతకం పెట్టాల్సిన అధికారి ఎప్పుడో రిటైరయి ఉంటాడు.

"రేపు రాండి, ఆ సీటాయన లీవులో ఉండాడు" అన్న మాట ఏ ఆఫీసులోనైనా మనందరం విన్నదే. ఆ మాట అన్న మనిషిని నేను తప్పుపట్టను. ఒక సీటు పని ఒక్కరికే తెలిసేలా ఆఫీసును నడుపుతున్నాం కాబట్టి, ఆయన లీవు పెడితే పని ఆగిపోతుంది. ఆయన బదిలీ అయితే ఆ పని తెలిసినవాళ్లే ఉండరు. నలుగురైదుగురు కలిసి చేసే కేంద్రంలో ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఈ ఏర్పాటు వల్ల వచ్చే అసలు లాభం ఇదే. డబ్బు ఆదా అవుతుందన్న మాట తరచూ వినపడుతుంది గానీ, నాకు దాని మీద పెద్ద ఆశ లేదు.

ఇంకో సంగతి, పేర్లది. బయటికి చిన్నగా కనపడుతుంది గానీ ఇళ్లల్లో ఇది పెట్టే టెన్షన్ అంతా ఇంతా కాదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు చివరికి పోతుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఒక కాగితంలో పుట్టింటి పేరు, ఇంకో కాగితంలో అత్తింటి పేరు ఉంటాయి. ఔట్‌సోర్సింగ్‌లో ఊడ్చే అక్కకు ప్రతి నెలా జీతంలో 12 శాతం పీఎఫ్ కోస్తారు. కానీ పీఎఫ్ సభ్యత్వ నంబరైన యూఏఎన్‌లో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే, కూతురి పెళ్లికని అడ్వాన్స్ అడిగిన రోజు ఆ డబ్బు చేతికి రాదు. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ ఖాతా తెరిచి, పాతదాన్ని కలపకుండా వదిలేస్తే పదేళ్ల సర్వీసు ముక్కలు ముక్కలుగా కనపడుతుంది. పీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ల సర్వీసే కదా లెక్క! ఆ అక్కకు ఇవన్నీ ఎవరు చెబుతారు? డిపార్ట్‌మెంట్ తనది కాదంటుంది, ఏజెన్సీ ఫోన్ ఎత్తదు.

అందుకే గట్టిగా అడుగుతున్నాను. కేంద్రం పెడితే రెగ్యులర్ ఉద్యోగులకే పెట్టకండి. గెస్ట్ ఫ్యాకల్టీ, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు కూడా అదే కౌంటర్ ఉండాలి. ఔట్‌సోర్సింగ్ వాళ్ల జీతం ఇచ్చేది ఏజెన్సీయే కావచ్చు. అయినా ఈఎస్‌ఐ కార్డు వచ్చిందా, పీఎఫ్ కట్టారా, నామినీ పేరు ఎక్కిందా అని మనం చూసి చెప్పాలి.

2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ చేరి, జీతంలో కోత పెట్టి పెన్షన్ నిధికి కట్టే సీపీఎస్ పద్ధతిలో ఉన్నవాళ్ల బాధ వేరు. వాళ్ల కోతలు ప్రాన్ అనే పెన్షన్ ఖాతాలో పడుతున్నాయో లేదో నెల నెలా సరిచూసే మనిషి కావాలి. ఈ పని చేయగలిగేది కూడా ఉమ్మడి కేంద్రమే.

ఇప్పుడు షరతు సంగతికి వస్తాను. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ క్యాంపస్ ఇలాంటి కేంద్రమే పెట్టింది. విభాగాల్లో పనిచేసే సిబ్బందిని తీసుకెళ్లి క్యాంపస్‌కు దూరంగా ఫోర్త్ స్ట్రీట్‌లోని ఒక భవనంలో కూర్చోబెట్టారు. పని ఒక చోటికి వచ్చింది. కానీ ప్రొఫెసర్లకు, విద్యార్థులకు, విభాగాలకు తెలిసిన ముఖాలు మాయమయ్యాయి. విమర్శలు గట్టిగా వచ్చాయి. చివరికి ఆ ఒకే కేంద్రం పద్ధతి మాని, విభాగాలకు దగ్గరగా ఉండే ప్రాంతీయ బృందాలుగా మార్చుకున్నారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 2013లో ఇదే ప్రయత్నం మొదలైనప్పుడు వెయ్యి మందికి పైగా అధ్యాపకులు సంతకాలు చేసి అభ్యంతరం చెప్పారు. తమ ఆఫీసు సిబ్బందిని అడక్కుండా నిర్ణయించారన్నది వాళ్ల కోపంలో ఒక ముఖ్య భాగం. అంత డబ్బు, అన్ని కంప్యూటర్లు ఉన్నచోటే అలా జరిగింది. మనం ముందే జాగ్రత్త పడాలి.

విక్రమ సింహపురి క్యాంపస్ ఉన్న కాకుటూరులో కేంద్రం పెట్టి కావలి ఉద్యోగిని రమ్మంటే ఏమవుతుందో ఆలోచించండి. బస్సెక్కి నెల్లూరు రావాలి, మళ్లీ అక్కడి నుంచి హైవే మీద దక్షిణానికి రావాలి. ఒక రోజు పోతుంది, ఒక క్యాజువల్ లీవ్ పోతుంది. కాబట్టి కావలిలో ఒక మనిషి కూర్చోవాలి. కంప్యూటర్ కాదు, మనిషి. ఆయన అర్జీ తీసుకుంటాడు, స్కాన్ చేస్తాడు, మీసేవలో ఇచ్చినట్టు నంబరు వేసిన రసీదు ఇస్తాడు. పని ఎక్కడ ఆగిందో ఆ నంబరు చూసి చెబుతాడు. లోపల పని ఎవరు చేశారన్నది ఉద్యోగికి అక్కర్లేదు.

ఏది కేంద్రానికి వెళ్లాలి, ఏది వెళ్లకూడదు అన్నది కూడా మొదటి రోజే రాసిపెట్టుకోవాలి. సెలవు మంజూరు చేసేది విభాగాధిపతే, లెక్క రాసేది కేంద్రం. క్రమశిక్షణ చర్యలు, నియామకాల ఎంపిక, అధ్యాపకుల ప్రమోషన్ మదింపు ఇక్కడికి రాకూడదు. ఉద్యోగిని శిక్షించే చోటూ, ఉద్యోగి సాయం అడిగే చోటూ ఒకటే అయితే ఎవరూ గడప తొక్కరు. జబ్బు కాగితాలు, ప్రసూతి సెలవు కాగితాలు, బ్యాంకు వివరాలు అన్నీ ఒకే చోట ఉంటాయి కాబట్టి, ఎవరు ఏ ఫైలు తెరిచారో నమోదయ్యే ఏర్పాటు ఉండాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టమే వచ్చింది.

ఇప్పుడు సీట్లలో పనిచేస్తున్న సూపరింటెండెంట్లు, జూనియర్ అసిస్టెంట్లు తమ ఉద్యోగాలు పోతాయేమోనని భయపడుతున్నారు. ఆ భయం న్యాయమైనదే. కేంద్రంలో కూర్చోవాల్సింది వాళ్లే అని ఉత్తర్వులో రాయండి. బయటి కంపెనీకి అప్పగిస్తే జీతాలకు, సెలవులకు మూలమైన ఫండమెంటల్ రూల్స్ తెలిసినవాళ్లు పోతారు, సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు మిగులుతారు. మనకు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కావాలి.

మొదలు ఎక్కడ అని అడుగుతారు. రెండేళ్లలో రిటైరయ్యే వాళ్ల జాబితా తీయండి. వాళ్ల సర్వీస్ రిజిస్టర్లు ముందు తెరిచి, ఖాళీలు గుర్తించి, పాత విశ్వవిద్యాలయాలకు ఉత్తరాలు ఇప్పుడే రాయండి. ప్రతి ఉద్యోగికీ తన రిజిస్టర్ నకలు ఒకటి చేతికివ్వండి. నామినీ చనిపోయి కూడా పేరు మారనివి, పెళ్లికి ముందు రాసి వదిలేసినవి ఎన్ని ఉన్నాయో అప్పుడే బయటపడుతుంది. సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను. ఎవరి కాగితాల్లోనైనా సందేహం ఉంటే తీసుకురండి, కూర్చుని చూద్దాం.