రంగులో థిన్నర్ ఎంత? మన ఎండకూ ముసురుకూ తగ్గ లెక్క

అందరికీ నమస్కారం.

ప్లాస్టిక్ మోడళ్ళకు రంగు వేయడానికి ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్) కొత్తగా పట్టినవాళ్ళు మొదట అడిగేది ఒకటే: "రంగులో థిన్నర్ ఎంత పోయాలి?" సగానికి సగం అని ఒకరు చెబుతారు, ఒకటికి రెండు అని ఇంకొకరు చెబుతారు. రెండూ సరైనవే. కానీ మే నెల మధ్యాహ్నం నెల్లూరులో సగానికి సగం కలిపితే రంగు గరుకుగా పడుతుంది. అదే కొలతతో నవంబరు ముసురులో ఒంగోలులో లాకర్ (గబగబా ఆరే ఘాటైన రకం రంగు) కొడితే తెల్లబారుతుంది. నాజిల్ (గన్ ముక్కు) దాటిన చుక్క ప్లాస్టిక్‌ను తాకేసరికి ఇంకా తడిగా ఉండాలి, తాకాక పరుచుకునేంతసేపు ఆ తడి నిలవాలి. థిన్నర్ పని అదే. అందుకని ఇవాళ కొలతలతో పాటు ఆ తడి గురించి కూడా వివరంగా చెప్పుకుందాం.

ముందు మీ చేతిలో ఉన్న రంగు ఏ రకమో తేల్చుకోండి. తామియా కంపెనీ ఎక్స్, ఎక్స్‌ఎఫ్ సీసాల మీద యాక్రిలిక్ అని ఉన్నా అవి ఆల్కహాల్‌తో చక్కగా కలిసే రంగులు. వాటి సొంత థిన్నర్ ఎక్స్-20ఏ గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ, లాకర్ థిన్నర్ గానీ వాడొచ్చు. నీళ్ళతోనూ కలుస్తాయి కానీ ప్లాస్టిక్ మీద చుక్కలు చుక్కలుగా ముడుచుకుపోతాయి. వల్లేజో కంపెనీ మోడల్ కలర్ మాత్రం నీళ్ళ ఆధారంగా చేసిన రంగు. అందులో ఆల్కహాల్ పోశారా, పాలలో నిమ్మకాయ పిండినట్టే. విరిగి, జిగురు ముద్దయి, నాజిల్‌లో ఇరుక్కుంటుంది. దానికి వాళ్ళ థిన్నరే వాడండి. మిస్టర్ కలర్, తామియా ఎల్‌పీ లాకర్లు. వీటికి లాకర్ థిన్నర్ తప్ప ఇంకేదీ పనికిరాదు. హంబ్రోల్ లాంటి ఎనామిల్‌కు హార్డ్‌వేర్ షాపులో దొరికే మినరల్ టర్పెంటాయిల్ చాలు.

కార్లకు రంగు వేసే షాపుల్లో వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ చౌకే. గన్ కడగడానికి దాన్ని మించింది లేదు. రంగులో కలపాలంటే మాత్రం జాగ్రత్త. ఒక్కో డబ్బాలో ఒక్కో పాళ్ళు ఉంటాయి, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) లేని ప్లాస్టిక్ మీద తడిగా పడితే పైపొరను కొరికేస్తుంది. విడిభాగాలు అతుక్కుని వచ్చే చట్రం ముక్క మీద కొట్టి చూడకుండా మోడల్ మీదికి తీసుకుపోవద్దు.

నీళ్ళ విషయం ఒకటి. వల్లేజో థిన్నర్‌తో పాటు కొందరు రెండు చుక్కలు నీళ్ళు కూడా కలుపుతారు. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్ళలో ఉప్పు, ఫ్లోరైడ్ ఎంతుంటాయో మీకు తెలియంది కాదు. ఆ నీళ్ళు కలిపితే ఆరాక తెల్లటి మరకలు తేలొచ్చు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా కొని పెట్టుకుంటే ఏడాది వస్తుంది.

ఇక కలపడం. సీసాను ఊపితే సరిపోదు. మాట్ (మెరుపు లేని) రంగుల్లో మెరుపు తగ్గించే పొడి అడుగుకు దిగి గట్టిపడుతుంది. పుల్లతో అడుగు దాకా తోడి, సీసా అడుగున గీరితే పుల్లకు ముద్ద అంటనంతవరకు కలపాలి. ఇది సరిగ్గా చేయకపోతే మాట్ రంగు కూడా నిగనిగలాడుతూ ఆరుతుంది, తప్పు థిన్నర్ మీదికి పోతుంది.

కొలతకు మెడికల్ షాపులో దొరికే 2 మి.లీ. సిరంజి వాడండి, సూది లేకుండా. చుక్కలు లెక్కపెట్టే అలవాటు మంచిదే కానీ అందులో ఒక మోసం ఉంది. డ్రాపర్‌తో నీళ్ళు వేస్తే సుమారు 20 చుక్కలకు 1 మి.లీ. అవుతుంది. ఆల్కహాల్ చుక్క అంతకన్నా చాలా చిన్నది, ఎందుకంటే దాని తలతన్యత నీళ్ళతో పోలిస్తే మూడో వంతు కూడా ఉండదు. కాబట్టి పది చుక్కల రంగుకు పది చుక్కల ఆల్కహాల్ వేస్తే సగానికి సగం కాదు, రంగే ఎక్కువ అవుతుంది. 1/72 స్కేలు (అసలు సైజులో 72వ వంతు) యుద్ధ విమానానికి ఒక రంగు వేయడానికి కలిపిన రంగు 3 మి.లీ. చాలు. గన్ కప్పులో కాకుండా విడిగా చిన్న కప్పులో ముందు థిన్నర్ పోసి, దానిలోకి రంగు వదలండి. గన్‌లోనే ముందు రంగు పోస్తే చిక్కటి రంగు నేరుగా నాజిల్‌లోకి దిగి కూర్చుంటుంది, పైన ఎంత కలిపినా ఆ ముద్ద కదలదు.

0.3 మి.మీ. నాజిల్‌కు మొదలుపెట్టాల్సిన పాళ్ళు ఇవి. తామియా యాక్రిలిక్‌కు రంగు ఒకటికి థిన్నర్ ఒకటి, గాలి ఒత్తిడి 15 నుంచి 18 పీఎస్ఐ. మిస్టర్ కలర్‌కు ఒకటికి ఒకటిన్నర నుంచి రెండు. ఎనామిల్‌కు ఒకటికి ఒకటి. వల్లేజో మోడల్ కలర్‌కు ఒకటికి ఒకటి, ఒత్తిడి 20 దాకా. వల్లేజోలోనే మోడల్ ఎయిర్ రకం ముందే పలచన చేసి వస్తుంది కాబట్టి పది చుక్కలకు ఒకటి రెండు చుక్కల థిన్నర్ చాలు. ఒత్తిడిని ట్రిగ్గర్ నొక్కి గాలి పోతుండగా చూడండి, వదిలేసినప్పుడు కనిపించే అంకె ఎక్కువ చూపిస్తుంది.

ఇవి మొదలుపెట్టే అంకెలే. చివరి మాట కప్పు గోడది. కప్పును వంచి, కలిపిన రంగును గోడ మీదికి ఒక్కసారి పారించి, నిలబెట్టండి. రంగు కిందికి ఎట్లా దిగుతుందో చూడండి. గోడకు మందంగా పట్టుకుని మెల్లగా జారితే పెరుగు మీద మీగడలాగా ఉందన్నమాట, ఇంకా థిన్నర్ కావాలి. రంగు పొర ఏమీ మిగలకుండా గోడ వెంటనే తేటపడితే ఎక్కువైంది, రంగు వేయాలి. సన్నటి పొర సమంగా నిలిచి, రెండు మూడు సెకన్లలో పైఅంచు నుంచి కిందికి తేలిపోతూ దిగితే సరిపోయింది. నీళ్ళు కలపని పాలు గ్లాసు గోడ మీద ఎట్లా దిగుతాయో అదే ఆనవాలు.

తర్వాత పెళ్ళి భోజనాల్లో ఐస్‌క్రీముతో ఇచ్చే తెల్ల ప్లాస్టిక్ చెంచా ఒకటి తీసుకుని, వీపు మీద 8 సెం.మీ. దూరం నుంచి కొట్టండి. లైటు కింద పక్కకు వంచి చూస్తే, పడిన రంగు తడిగా మెరిసి రెండు మూడు సెకన్లలో మెరుపు పోవాలి. పడిన వెంటనే పొడిగా, గరుకుగా ఉంటే చుక్క గాలిలోనే ఆరింది. నడిమి నుంచి సాలెపురుగు కాళ్ళలా గీతలు పాకితే మరీ పలచన, లేదా ఒత్తిడి ఎక్కువ, లేదా మరీ దగ్గర. ఆరాక పొదలకూరు నిమ్మకాయ తొక్కలా గుంటలు కనిపిస్తే చిక్కగా ఉంది, చుక్కలు ఒకదానితో ఒకటి కలవలేదు. మూడింటికీ మందు ఒకటి కాదు. గరుకుకు నిదానంగా ఆరే థిన్నర్, కాళ్ళకు ఒత్తిడి తగ్గించడం, గుంటలకు థిన్నర్ పెంచడం.

కప్పులో బుడగలు వస్తుంటే అది థిన్నర్ తప్పు కాదు. నాజిల్ వదులుగా ఉంది, లేదా నోరు చీలింది, లేదా అక్కడ రంగు ఎండి అడ్డం పడి గాలి వెనక్కి తంతోంది.

ఇప్పుడు మన ఊరి ఎండ. రోహిణి కార్తెలో 42 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం యాక్రిలిక్ కొడితే, చుక్క గాలిలో సగం ఆరిపోవడమే కాదు, నాజిల్‌లోని నీడిల్ (సూది) మొన మీద కూడా రంగు పేరుకుంటుంది. సన్నగా కొడుతుండగా ఒక్కసారిగా ఆగి, తర్వాత భళ్ళున ఒక చుక్క చిమ్ముతుంది. చాలామంది అప్పుడు ఒత్తిడి పెంచుతారు. అది ఎండను ఇంకా పెంచినట్టే. ముందు రిటార్డర్ (రంగు ఆరడాన్ని నిదానం చేసే ద్రవం) వేయండి. తామియా యాక్రిలిక్‌కు కలిపిన రంగులో నూటికి 5 పాళ్ళు, అంటే 2 మి.లీ. కు 0.1 మి.లీ. 10 పాళ్ళు దాటనీయవద్దు, దాటితే రంగు జిగటగా ఉండిపోయి వేలిముద్ర పడుతుంది. లాకర్‌కైతే మిస్టర్ లెవెలింగ్ థిన్నర్‌లో రిటార్డర్ ముందే ఉంటుంది, ఎండాకాలం అదే వాడండి. థిన్నర్ కాస్త పెంచి, ఒత్తిడి 12కు దించి, రెండు సెంటీమీటర్లు దగ్గరికి రండి. వేడి తగ్గిన తెల్లవారుజామునే పని పెట్టుకోవడం అన్నిటికంటే మేలు. థిన్నర్‌లో ముంచిన దూది పుల్లతో రెండు నిమిషాలకోసారి నీడిల్ మొన తుడవండి.

ఈశాన్య రుతుపవనాలు తగిలాక, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, కష్టం తిరగబడుతుంది. లాకర్ థిన్నర్ గబగబా ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆ చల్లటి పొర మీద నీరు పట్టి, నల్ల రంగు కూడా బూజు పట్టినట్టు తెల్లబారుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. హైగ్రోమీటరు (గాలిలో తేమ కొలిచేది) 75 శాతం దాటిన రోజు నిగనిగలాడే లాకర్ జోలికి పోకపోవడమే మంచిదని మా అభిప్రాయం. అప్పటికే తెల్లబారితే గీరేయొద్దు. తేమ తగ్గాక లెవెలింగ్ థిన్నర్ ఒక్కటే పలచగా మంచులా కొడితే, పైపొర కరిగి, పట్టిన నీరు పోయి, రంగు తిరిగి వస్తుంది. గన్‌కు గాలి పంపే కంప్రెసర్‌లో నీరు చేరే తేమ గిన్నెను ఆ నెలల్లో పని మధ్యలో ఖాళీ చేయండి. గొట్టంలో చేరిన నీటిచుక్క రంగుతో పాటు చిమ్మితే రిపేరు ఉండదు.

శ్రీహరికోట దగ్గర కావడంతో మన దగ్గర రాకెట్లు చేసే పిల్లలు ఎక్కువ. పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు, 1/100 స్కేలులో 44 సెం.మీ. అంత పొడవు తెల్లగా, చారలు లేకుండా రావాలంటే చిక్కగా ఒక్కసారి కొట్టే ఆశ వదులుకోండి. బూడిద రంగు ప్రైమర్ మీద, తెలుపును ఒకటికి ఒకటిన్నర పలచన చేసి, నాలుగు పొరలు, మధ్యలో పదేసి నిమిషాలు. మొదటి రెండు పొరల్లో ప్రైమర్ కనిపిస్తూనే ఉంటుంది. కంగారుపడి అక్కడే ఆగి ఎక్కువ కొడితే కారుతుంది.

లాకర్, ఎనామిల్ కొట్టేటప్పుడు గుడ్డ మాస్కు, ఎన్95 చాలవు. అవి ఆవిరిని ఆపవు. ఆవిరిని పట్టి ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకుని, కిటికీ తీసి, దీపం, గ్యాస్ పొయ్యి ఉన్న గదికి దూరంగా కొట్టండి. మిగిలిన రంగును తిరిగి సీసాలో పోయొద్దు. వేరే చిన్న సీసాలో పోసి, పాళ్ళు, తేదీ రాసి మూత బిగించండి.

అదుగో, ఆ బల్ల మీద ఒకే రంగు మూడు కప్పుల్లో కలిపి పెట్టాం. ఏ కప్పులో ఎంత థిన్నర్ ఉందో రాయలేదు. వచ్చి, ఒక్కొక్కటి వంచి, గోడ మీద రంగు ఎట్లా దిగుతుందో చూసి, ఏది కొట్టడానికి సిద్ధంగా ఉందో చెప్పండి. చెంచాలు పక్కనే ఉన్నాయి.