రబ్బరు చెయ్యి తెగిపడినా అరుస్తాం ఎందుకు?

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? పిల్లలు ఇప్పుడే పడుకున్నారు. రేపు శనివారం, ఆఫీసు లేదు. ఇలాంటి రాత్రుల్లో మా ఆయనా నేనూ వెతికి మరీ పెట్టుకునే సినిమాలు ఒక రకం ఉన్నాయి: తక్కువ డబ్బుతో తీసిన హారర్ కామెడీలు. మాస్క్ అంచు మెడ దగ్గర లేచిపోయి కనిపిస్తుంటుంది. తెగిపడిన చెయ్యి రబ్బరుదని ఇట్టే తెలిసిపోతుంది. అయినా నాకు ప్రాణం.

ఎందుకంటే వీటిలో తీసినవాళ్ల తిప్పలు తెర మీదే కనిపిస్తాయి. ‘ది ఈవిల్ డెడ్’ 1981లో వచ్చింది. షూటింగ్ మొదలైనప్పుడు దర్శకుడు శామ్ రైమీకి ఇరవై ఏళ్లు. అడవిలోంచి ఏదో దూసుకొస్తున్నట్టు చూపించాలి, కదులుతూ తీసినా కెమెరా కుదుపులు తెలియనివ్వని స్టెడీకామ్ పరికరానికి డబ్బుల్లేవు. అందుకని చెక్కపలక మధ్యలో కెమెరా బిగించి, అటొకరు ఇటొకరు పట్టుకుని పరిగెత్తారు. రక్తం కోసం కార్న్ సిరప్‌లో రంగు కలిపారు. ఆ పరుగు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చేతినిండా డబ్బుంటే ఆ షాట్‌లో అంత పిచ్చి వేగం వచ్చేది కాదని నా నమ్మకం.

‘బ్యాడ్ టేస్ట్’ కూడా అంతే. పీటర్ జాక్సన్ వారాంతాల్లో స్నేహితులతో ఏళ్ల తరబడి తీసిన సినిమా అది. గ్రహాంతరవాసుల మాస్కుల్ని వాళ్లమ్మగారి వంటింటి ఓవెన్‌లోనే కాల్చాడు. తర్వాత ఆయన సినిమా ఒకటి 11 ఆస్కార్లు గెలిచిందనుకోండి, అది వేరే కథ.

ఇక భయం, నవ్వు. ఈ రెండింటికీ టైమింగే ముఖ్యం. టెన్షన్ పెంచుకుంటూ పోయి, మనం ఊహించని క్షణంలో వదలాలి. అందుకే ముందు కెవ్వుమంటాం, వెంటనే పక్కవాళ్ల మొహం చూసి పగలబడి నవ్వుతాం. నలుగురితో చూస్తే ఇంకా బాగుంటుంది.

అలాగని చెత్తగా ఉంటే చాలు అనుకోకండి. కావాలనే చెత్తగా తీసి ‘చూడండి ఎంత చెత్తో’ అని కన్నుకొట్టే సినిమాలు నాకు పది నిమిషాల్లో బోర్ కొడతాయి. రబ్బరు దెయ్యాన్ని చూసి నటుడు నిజంగా వణకాలి. ఆ నిజాయితీ ఉంటేనే మనకు భయమైనా వేస్తుంది, నవ్వైనా వస్తుంది.

ఒక్కటి చూడాలనుకుంటే మాత్రం 2017 నాటి జపాన్ సినిమా ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’ చూడండి. ఖర్చు సుమారు 30 లక్షల యెన్లు, వసూళ్లు దానికి వెయ్యి రెట్లు. పాడుబడిన నీటిశుద్ధి ప్లాంటులో జాంబీ సినిమా తీస్తున్నవాళ్ల మీదకు నిజం జాంబీలు వస్తాయి. మొదటి 37 నిమిషాలు కట్ లేకుండా ఒకే షాట్. నటులు మాటలు మర్చిపోయినట్టు నిలబడిపోతారు, కెమెరా కిందపడిపోతుంది, ఎవరో కారణం లేకుండా బయటికి వెళ్లిపోతారు. మా ఆయన మధ్యలోనే రిమోట్ అందుకున్నారు, నేను ఆపాను. ఆ తర్వాత ఒక్కో తప్పు వెనుక ఏం జరిగిందో తెలుస్తుంటే ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. చివర్లో ఆ యూనిట్ అంతా కలిసి ఒక్క షాట్ కోసం పడే పాట్లు చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంతకంటే చెప్తే మీకు మజా పోతుంది. ట్రైలర్ కూడా చూడకుండా నేరుగా పెట్టేయండి, ఆ 37 నిమిషాలూ మాత్రం ఓపిక పట్టండి. ఉంటానండీ.