భత్యం వద్దంది, గార్డుల్ని వద్దనలేకపోయింది

అక్క: అందరికీ నమస్కారం. ఈసారి నెదర్లాండ్స్ వెళ్దాం. కాటరీనా అమాలియా, రాజు విల్లెం అలెగ్జాండర్ పెద్ద కూతురు. 2003లో పుట్టింది, తర్వాత సింహాసనం తనదే.

తమ్ముడు: డబ్బు వద్దన్న అమ్మాయే కదా అక్కా?

అక్క: ఆ, తనే. అక్కడ వారసురాలికి పద్దెనిమిది నిండగానే సర్కారు భత్యం మొదలవుతుంది, అప్పట్లో ఏడాదికి సుమారు 16 లక్షల యూరోలు. 2021 జూన్‌లో, ఇంకా పదిహేడేళ్లప్పుడే, ప్రధాని మార్క్ రుట్టేకి చేత్తో ఉత్తరం రాసింది, చదువుకునేటప్పుడు నాకీ డబ్బు వద్దు, బదులుగా ఏమీ చేయకుండా తీసుకోవాలంటే ఇబ్బందిగా ఉంది, అసలే కరోనాతో మిగతా స్టూడెంట్లు నానా పాట్లు పడుతున్నారు అని.

తమ్ముడు: ప్యాలెస్‌లో పుట్టినవాళ్లకి వద్దనడం ఏమంత కష్టం చెప్పు? అద్దె టెన్షనా, ఫీజు టెన్షనా?

అక్క: అందుకే నేను దాన్ని త్యాగం అనను, మర్యాద అంటాను. అసలు కష్టం తర్వాత వచ్చింది. 2022 సెప్టెంబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో చేరింది, ఊళ్లోనే తోటి స్టూడెంట్లతో కలిసి ఒక ఇంట్లో దిగింది. ఇంకా సామాన్లు సర్దుకోవడం అయిందో లేదో, బెదిరింపులు! మళ్లీ హేగ్‌లో అమ్మానాన్నల దగ్గరికే, హైస్ టెన్ బోస్ ప్యాలెస్‌కి.

తమ్ముడు: స్వీడన్ వెళ్లినప్పుడు వాళ్లమ్మ మాక్సిమా విలేకరుల ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది కదా.

అక్క: పిల్ల ఇంట్లోంచి కాలు బయట పెట్టలేకపోతోంది అని. గార్డుల కాపలాలో క్లాసుకి వెళ్లడం, తిరిగి రావడం, అంతే. పద్దెనిమిదేళ్ల పిల్లకి ఫ్రెండ్స్‌తో సాయంత్రం అలా వీధి చివరిదాకా నడిచే వీలు కూడా లేకపోతే, ఆ 16 లక్షలు తీసుకుంటే ఎంత, మానితే ఎంత!

తమ్ముడు: మరి మాడ్రిడ్ సంగతి?

అక్క: నాకు బాగా నచ్చిన ముక్క అదే. ఏడాదికి పైగా మాడ్రిడ్‌లో ఉంటూ అక్కడి నుంచే చదువు సాగించింది, 2024 ఏప్రిల్ దాకా ఆ సంగతి జనానికి తెలీదు. ప్రతివాడి చేతిలో కెమెరా ఉన్న రోజుల్లో ఇదెలా సాధ్యమైందో! నెదర్లాండ్స్ మీడియాకి మాత్రం ముందునుంచీ ఒక ఒప్పందం ఉందిలే, రాజకుటుంబం అప్పుడప్పుడు పిలిచి ఫొటోలు ఇస్తుంది, మిగతా టైంలో వాళ్ల సొంత జీవితం జోలికి పోకూడదు. తర్వాత తను మాడ్రిడ్‌కి థాంక్స్ చెప్తూ ట్యులిప్ తోట కానుకగా ఇచ్చింది.

తమ్ముడు: ఇప్పుడేం చేస్తోంది?

అక్క: 2025లో డిగ్రీ అయింది. అదే ఏడాది గుర్రం మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది, అయినా సెప్టెంబర్‌కల్లా లా చదువులో చేరింది, పక్కనే సైన్యంలో రిజర్వ్ ట్రైనింగ్ కూడా.

తమ్ముడు: చెయ్యి విరిగితే నేనైతే ఏడాదంతా సెలవే.

అక్క: నీకు జలుబు చేసినా అంతేగా!