ఒకే పేరు, రెండు గేములు: మీ గేముల డేటాబేస్‌లో పేర్లు ఎలా రాయాలి?

[తెరపై: పక్కపక్కన రెండు క్యాసెట్లు. రెండింటి కిందా ‘ఫైనల్ ఫాంటసీ 2’ అనే పేరు.]

వ్యాఖ్యాత: ఈ రెండూ వేర్వేరు గేములు. ఎడమవైపుది 1988లో జపాన్‌లో నింటెండో వారి ఫ్యామికామ్ అనే కన్సోల్ కోసం వచ్చింది. కుడివైపుది 1991లో అమెరికాలో సూపర్ నింటెండో అనే తర్వాతి కన్సోల్‌కు వచ్చింది. నిజానికి అది ఆ సిరీస్‌లో నాలుగో భాగం. రెండు, మూడు భాగాలు అప్పటికి అమెరికాలో విడుదల కాలేదు కాబట్టి అక్కడి పెట్టె మీద 2 అని వేశారు. 1994లో ఆరో భాగం అదే లెక్కన అక్కడికి 3గా వెళ్ళింది. 1997లో ఏడో భాగం వచ్చాకే రెండు దేశాల అంకెలూ కలిశాయి.

మీ దగ్గర ఈ రెండూ ఉన్నాయనుకోండి. డేటాబేస్‌లో ఏ పేరుతో ఎక్కిస్తారు? ఒకరోజు అమెరికా అంకెతో, మరోరోజు జపాన్ అంకెతో రాస్తే కొన్నాళ్ళకు మీ జాబితాను మీరే నమ్మలేరు. ఉన్న గేమునే మళ్ళీ కొంటారు, లేని గేము ఉందనుకుని వదిలేస్తారు. అందుకే ఎంట్రీలు పెరగకముందే పేర్ల నియమం రాసిపెట్టుకోవాలి.

[తెరపై: గేము మొదలయ్యే తెర, పెట్టె ముందువైపు, పెట్టె అంచు. మొదటిదాని చుట్టూ గీత.]

పేరును ఎక్కడి నుంచి తీసుకోవాలి అన్నది అన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి. పెట్టె ముందువైపు ఒక రకంగా, అంచు మీద ఇంకో రకంగా, గేము మొదలయ్యే తెర మీద వేరొక రకంగా ఉండటం మామూలే. నేను తెరకే ఓటు వేస్తాను. మీ దగ్గరున్న కాపీని ఆన్ చేస్తే కనిపించే పేరే ఆ కాపీ పేరు. మన ఊళ్ళలో 1990లలో దొరికిన క్యాసెట్లు చూసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. స్టిక్కర్ మీద వందల గేములని ఉంటుంది, లోపల మాత్రం అవే కొన్ని గేములు పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తాయి. తెర మీద బొమ్మ తప్ప పూర్తి పేరు లేని గేములకు పెట్టె అంచును చూడండి. అదీ లేకపోతే పెట్టె ముందువైపు. ఈ క్రమాన్ని ఏ గేముకూ మార్చవద్దు.

[తెరపై: ‘డూమ్’ అనే పేరు రెండు వరుసల్లో. పక్క కాలమ్‌లో 1993, 2016.]

పేరు గడిలో పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. 1993లో వచ్చిందీ ‘డూమ్’, 2016లో వచ్చిందీ ‘డూమ్’. ‘గాడ్ ఆఫ్ వార్’ 2005లోనూ వచ్చింది, 2018లోనూ వచ్చింది. తేడా తెలియడానికి పేరు పక్కనే సంవత్సరం రాయాలనిపిస్తుంది. రాయకండి. సంవత్సరానికి, కన్సోల్‌కు, ప్రాంతానికి వేర్వేరు కాలమ్‌లు పెట్టండి. జాబితా చూపించేటప్పుడు అవన్నీ కలిపి చూపే పని కంప్యూటర్‌కు వదిలేయండి. పేరులో కలిపేసిన సంవత్సరాన్ని వెయ్యి ఎంట్రీల తర్వాత విడదీయడం నరకం.

మరి ‘స్ట్రీట్ ఫైటర్ 2’ సంగతి? 1991 నాటి మొదటి గేములో ఆటగాడు ఎంచుకోగలిగే యోధులు ఎనిమిది మంది. 1992లో వచ్చిన ‘ఛాంపియన్ ఎడిషన్’లో చివర్లో ఎదురయ్యే నలుగురు బాస్‌లు కూడా కలిసి పన్నెండు మంది అయ్యారు. 1993 నాటి ‘సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2’లో పదహారు మంది. ఆటే మారింది కాబట్టి ఇవి వేర్వేరు గేములు, ఆ మాటలు పేరులో ఉండాల్సిందే. ప్లేస్టేషన్ డిస్కులను ధర తగ్గించి మళ్ళీ అమ్మినప్పుడు పెట్టె మీద వేసే ‘గ్రేటెస్ట్ హిట్స్’, ‘ప్లాటినం’ ముద్రలు మాత్రం పేరులో భాగం కావు. వాటిని ఎడిషన్ కాలమ్‌లో రాయండి.

[తెరపై: ఫైనల్ ఫాంటసీ భాగాలు 1, 2, 3, 4, 9, 5, 6, 7, 8, 10 అనే వరుసలో.]

ఈ వరుస చూడండి. నాలుగు తర్వాత తొమ్మిది ఎందుకు వచ్చింది? ఆ సిరీస్ రోమన్ అంకెలు వాడుతుంది, కంప్యూటర్ వాటిని అక్షరాలుగానే చూస్తుంది. తొమ్మిది ‘ఐ’తో, ఐదు ‘వి’తో మొదలవుతాయి కాబట్టి తొమ్మిది ముందుకు జరిగింది. ఫిఫా గేములు ఇంకా తికమక పెడతాయి. 1997లో వచ్చినదాని పేరులో 98, తర్వాత ఒకదానిలో 2001, ఆ తర్వాత ఇంకోదానిలో 06. అక్షరక్రమంలో పెడితే కొత్తదైన 06 అన్నిటికన్నా ముందు నిలబడుతుంది. 2023 నుంచైతే ఫిఫా అన్న మాటే పోయి ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ’ వచ్చింది.

దీనికోసం అసలు పేరును మార్చవద్దు. ‘క్రమం కోసం పేరు’ అని ఇంకో కాలమ్ పెట్టి అందులో రోమన్ అంకెకు బదులు 04, 05, 09 అని రాయండి. ‘ద లెజెండ్ ఆఫ్ జెల్డా’ ముందున్న ‘ద’ను తీసేయాల్సిందీ అక్కడే. పాత గేముల ఫైళ్ళను జాబితా చేసే నో-ఇంట్రో అనే బృందం జాబితాల్లో ఆ ‘ద’ను వెనక్కి పంపి ‘లెజెండ్ ఆఫ్ జెల్డా, ద’ అని రాస్తారు. ఫైలు పేర్లకు ఆ పద్ధతి చక్కగా పనిచేస్తుంది, కానీ మనిషి చదివే పేరుకు నాకు నచ్చదు. ఉపశీర్షిక ముందు కోలన్ పెట్టినా, అడ్డగీత పెట్టినా అంతటా ఒకటే ఉండాలి. విండోస్ ఫైలు పేర్లలో కోలన్‌కు చోటు లేదన్నది గుర్తుంచుకోండి.

[తెరపై: మారియో గేముల పటం. బాణాలు జపాన్ నుంచి అమెరికాకు, అమెరికా నుంచి జపాన్‌కు.]

అన్నిటికన్నా చిక్కు ముడి ఇది. 1986లో జపాన్‌లో ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ వచ్చింది. అమెరికాలో దాన్ని అమ్మలేదు. ‘డోకి డోకి పానిక్’ అనే 1987 నాటి జపాన్ గేములో పాత్రలు మార్చి, 1988లో ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ అనే పేరుతోనే అక్కడ విడుదల చేశారు. ఆ గేము 1992లో జపాన్‌కు తిరిగివచ్చి ‘సూపర్ మారియో యూఎస్‌ఏ’ అయింది. జపాన్ వారి అసలు రెండో భాగం 1993లో ‘ద లాస్ట్ లెవెల్స్’గా అమెరికా చేరింది.

దీన్ని ఒకే పట్టికతో నిలబెట్టలేరు. ‘గేము’కు ఒక పట్టిక, ‘విడుదల’కు ఇంకొకటి కావాలి. ప్రతి గేముకూ ఏ అర్థమూ లేని ఒక సంఖ్య ఇవ్వండి. పేర్లు ఎన్ని మారినా ఆ సంఖ్య మారదు. విడుదల పట్టికలో ఆ దేశపు పేరు, సంవత్సరం, డిస్కు మీది కోడ్ ఉంటాయి. ఉదాహరణకు అమెరికాలో అమ్మిన ‘ఫైనల్ ఫాంటసీ 7’ మొదటి డిస్కు మీద ఎస్‌సీయూఎస్-94163 అని ఉంటుంది. పేరు దగ్గర అనుమానం వస్తే ఆ కోడే తీర్పు చెబుతుంది.

మిగిలిన పేర్లన్నీ ‘ఇతర పేర్లు’ పట్టికలోకి వెళతాయి. ‘రెసిడెంట్ ఈవిల్’కు జపాన్ పేరు ‘బయోహజార్డ్’, ‘మెగా మ్యాన్’కు ‘రాక్‌మ్యాన్’, ‘స్టార్ ఫాక్స్ 64’కు యూరప్ పేరు ‘లైలాట్ వార్స్’. తెలుగు లిపిలో రాసిన పేర్లనూ ఇక్కడే చేర్చండి. హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ తయారు చేసిన ప్లేస్టేషన్ 2 గేము ‘హనుమాన్: బాయ్ వారియర్’ను మన పిల్లలు ‘హనుమాన్’ అని తెలుగులో కొట్టి వెతికినా దొరకాలి కదా!

[తెరపై: పాత పేరు, కొత్త పేరు, మార్చిన తేదీ ఉన్న పట్టిక.]

ఇప్పటికే వందల ఎంట్రీలు ఉంటే ముందు డేటాబేస్‌కు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. తర్వాత ఒక్కో సిరీస్‌ను తీసుకుని సరిచేయండి. మార్చిన ప్రతి పాత పేరునూ ‘ఇతర పేర్లు’ పట్టికలో ఉంచండి. మీ స్నేహితులకు ఇచ్చిన జాబితాల్లో, మీ పాత ఫోటోల కింద ఇంకా ఆ పేర్లే ఉంటాయి.