కాటంత గాటుతో వైద్యం: అడిగితేనే తెలిసే దారి

అందరికీ నమస్కారం. రేడియాలజీ అంటే ఎక్స్‌రే తీసి రిపోర్టు రాసిచ్చే గది అనే మనలో ఎక్కువమంది అనుకుంటాం. అదే విభాగంలో తెర మీద రక్తనాళాలను చూస్తూ చికిత్స కూడా చేస్తారని, దాన్ని ఇంటర్వెన్షనల్ రేడియాలజీ అంటారని కొందరికి పెద్ద ఆపరేషన్ అయిపోయాక గానీ తెలియదు. నా బాధంతా అదే.

ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల పెద్దావిడకు కాలి రక్తనాళం ఇరుకై పాదం కుళ్లడం మొదలైంది. కాలు తీసేయాలన్నారు, ఆవిడ ససేమిరా అంది. చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు నాళంలోకి సన్నని తీగ పంపి, దాని మీదుగా ఒకదాని తర్వాత ఒకటి లావుపాటి గొట్టాలు ఎక్కించి ఆ ఇరుకును వెడల్పు చేశాడు. కాలు దక్కింది, ఆవిడ మళ్లీ నడిచింది.

ఇప్పటికీ పని దాదాపు అలాగే సాగుతుంది. గజ్జల దగ్గరో మణికట్టు దగ్గరో మత్తు సూది వేసి, సాధారణంగా రెండు మిల్లీమీటర్ల మందం కూడా ఉండని గొట్టాన్ని లోపలికి పంపుతారు, తెర మీద నాళాలు కనిపించడానికి రంగు మందు ఎక్కిస్తారు. మూసుకుపోయిన చోట తెరవడం, రక్తం కారుతున్న చోట మూయడం, ఎక్కువ చికిత్సలు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

నాకు అన్నిటికంటే అద్భుతంగా అనిపించేది కాలేయం సంగతి. ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి ముప్పాతిక వంతు రక్తం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా అందుతుంది, కాలేయంలో పుట్టిన క్యాన్సర్ గడ్డ మాత్రం ఎక్కువగా ధమని మీద బతుకుతుంది. అందుకే ఆ ధమని కొమ్మలోకి వెళ్లి కీమో మందు వదిలి దారి మూసేస్తే గడ్డకు తిండి ఆగిపోతుంది, మిగతా కాలేయం చాలావరకు తట్టుకుంటుంది. గడ్డ చిన్నదైతే చర్మం మీంచే సూది గుచ్చి వేడితో కాల్చేయొచ్చు కూడా.

పక్షవాతంలో మెదడు పెద్ద నాళంలో ఇరుక్కున్న రక్తపు గడ్డను గొట్టంతో లాగేయడం వల్ల మేలు జరుగుతుందని 2015లో వచ్చిన పరిశోధనల ఫలితాలు గట్టిగా చూపించాయి. స్కాన్‌లో ఇంకా కాపాడగల మెదడు భాగం కనిపిస్తే కొందరికి 24 గంటల వరకూ అవకాశం ఉంటుంది, అలాగని ఆగి చూద్దాం అనుకోవద్దు, ప్రతి నిమిషం మెదడు కణాలు పోతూనే ఉంటాయి. గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు అనే క్యాన్సర్ కాని గడ్డలు, పిత్తనాళం మూసుకుపోవడం, కడుపులో చీము గడ్డలు, వీటికీ ఇలాంటి దారులున్నాయి.

అయితే గాటు చిన్నదని చికిత్స చిన్నదనుకోకండి. గుచ్చిన చోట రక్తం కారొచ్చు, రంగు మందు కిడ్నీలకు, అలర్జీ ఉన్నవాళ్లకు ఇబ్బంది చేయొచ్చు. నాళం మూసిన తర్వాత కొన్ని రోజులు జ్వరం, నొప్పి, వాంతులు మామూలే, ముందే చెబితే ఇంట్లోవాళ్లు టెన్షన్ పడరు. ఇంకా పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ఫైబ్రాయిడ్ చికిత్సకు ముందు ఆ మాట డాక్టరుతో తప్పకుండా చెప్పాలి. కొన్నిసార్లు కోసి చేసే ఆపరేషనే సరైనది, అప్పుడు అదే చేయించుకోవాలి.

అత్యవసరం కాని ఆపరేషన్ ఏదైనా చెబితే, సర్జన్‌నే నేరుగా అడగండి: "దీనికి రక్తనాళం గుండా గానీ సూదితో గానీ చేసే చికిత్స ఉందా? నాకు పనికొస్తుందా, పనికిరాకపోతే ఎందుకు?" ఇలా అడిగితే మంచి డాక్టరు ఎవరూ తప్పుపట్టరు. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లొద్దు, స్కాన్ సీడీ కూడా తీసుకెళ్లండి. గొట్టం ఎటు నుంచి వెళ్లాలో తేల్చుకోవాలంటే డాక్టరు ఆ బొమ్మలు స్వయంగా చూడాల్సిందే.