నేల భార్యది, గోడలు భర్తవి: ఈసాన్ పల్లెల్లో విదేశీ అల్లుళ్ల ఇళ్లు

[దృశ్యం: వరి పొలాల మధ్య మట్టి పోసి ఎత్తు చేసిన స్థలం, దాని మీద సగం లేచిన ఇల్లు]

థాయ్‌లాండ్‌కి ఈశాన్యాన ఉన్న 20 ప్రావిన్సులను కలిపి ఈసాన్ అంటారు. మెకాంగ్ నది దాటితే లావోస్. ఉడోన్ థానీ, రోయ్ ఎట్, బురిరం పల్లెల్లో ఇలాంటి కొత్త ఇళ్లు కనిపిస్తూనే ఉంటాయి. కట్టించేవాళ్లలో చాలామంది ఆ ఊరి ఆడపిల్లను పెళ్లి చేసుకుని, రిటైరయ్యాక అక్కడే స్థిరపడిన విదేశీయులు.

ఈసాన్‌కి ఇంటికొచ్చే అల్లుడు కొత్తేమీ కాదు. పెళ్లయ్యాక అల్లుడు అత్తగారింట్లో ఉండటం, చివరికి ఆ ఇల్లు ఆఖరి కూతురికి దక్కడం అక్కడి పాత ఆచారం. మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకునే ఇల్లరికం వాళ్లకు మామూలు సంగతి. అందుకే ఊళ్లో కలిసిపోవడం అంత కష్టం కాదు. చిక్కంతా కాగితాల దగ్గరే.

[దృశ్యం: ఎర్ర గరుడ ముద్ర ఉన్న పట్టా]

1954 నాటి భూమి చట్టం ప్రకారం విదేశీయుడు మామూలుగా నేల కొనలేడు. అమెరికా వాడికైనా, అక్కడ ఉద్యోగం చేస్తున్న మన తెలుగువాడికైనా ఇదే లెక్క. భార్య పేరున కొంటారు. రిజిస్ట్రేషన్ రోజు, ఈ డబ్బు పూర్తిగా ఆమె సొంతమని భర్త కూడా సంతకం పెట్టాలి. ఆ సంతకంతో నేల మీద అతని వాటా పోయినట్టే. కాగితం థాయ్‌లో ఉంటుంది. దయచేసి అనువాదం చేయించుకుని చదవకుండా సంతకం పెట్టకండి.

ఇల్లు మాత్రం వేరు. గోడలు, కప్పు అతని పేరున ఉండొచ్చు. అందుకు ఇల్లు కట్టే అనుమతి అతని పేరున తీసుకోవాలి. ఆ నేల మీద ఇల్లు కట్టుకునే హక్కునో, జీవితాంతం అనుభవించే హక్కునో భూమి కార్యాలయంలో రిజిస్టర్ చేయించాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది. కాపురం చేస్తుండగా భార్యాభర్తలు తమలో తాము రాసుకున్న ఆస్తి ఒప్పందాన్ని ఇద్దరిలో ఎవరైనా రద్దు చేయొచ్చని థాయ్ సివిల్ కోడ్ 1469వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి పెళ్లికి ముందే లాయర్‌తో మాట్లాడటం మంచిది.

పట్టా రకం కూడా చూసుకోవాలి. ఎర్ర గరుడ ఉన్న ఛనోత్ పూర్తి హక్కు పట్టా. సో పో కో 4-01 అనేది భూసంస్కరణలో రైతులకు సాగు కోసం ఇచ్చిన నేల. దాన్ని మామూలుగా అమ్మడానికి వీల్లేదు. రై, అంటే 1600 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 40 సెంట్లు, చౌకగా వస్తోందని ఎవరైనా చెబితే ముందు అడగాల్సింది ఈ సంగతే.

[దృశ్యం: స్తంభాల మీద నిలిచిన పాత చెక్క ఇల్లు, కింద మగ్గం]

పాత ఈసాన్ ఇల్లు స్తంభాల మీద ఉండేది. వానాకాలం నీళ్లు కింద నుంచి పోయేవి. ఎండాకాలం ఆ నీడలోనే నేత, వంట సామాను, గేదెలు, మధ్యాహ్నం కునుకు. ఇప్పుడు గేదెలు పోయాయి, యంత్రాలు వచ్చాయి. పడుచువాళ్లు బ్యాంకాక్‌లో ఉన్నారు. నాటే మనుషులు దొరక్క చాలాచోట్ల విత్తనాలు వెదజల్లి వరి పండిస్తున్నారు. విదేశీ అల్లుడు తన దేశపు ప్లాన్‌తో నేలకు ఆనించి కాంక్రీటు ఇల్లు కడితే, ఏప్రిల్ ఎండలో ఏసీ ఆపే వీలే ఉండదు. తేలికైన గాలి గుల్లల సిమెంటు ఇటుకలు, గోడను దాటి బాగా ముందుకొచ్చే చూరు, విశాలమైన వరండా ఖర్చును చాలావరకు తగ్గిస్తాయి. నన్నడిగితే స్తంభాల ఇల్లే మేలు.

ఎందుకంటే మట్టి పోసి ఎత్తు చేస్తే మన స్థలం బాగుంటుంది, ఆ నీళ్లు పక్కవాళ్ల పొలంలోకి పోతాయి. కాలువ వదలకుండా కట్టిన ఇల్లు ఊళ్లో తగువు తెచ్చిపెడుతుంది. పోసిన మట్టి కనీసం ఒక వానాకాలం కూర్చున్నాకే పునాది తీయాలి, లేదంటే గోడలు బీటలిస్తాయి.

ఇప్పుడు చాలా జిల్లాల్లో చెరకు పెరిగింది. నరికే ముందు ఆకు కాల్చేస్తుంటారు, పొగ ఊరంతా కమ్ముతుంది. అందుకే స్థలం చూడటానికి రెండుసార్లు వెళ్లండి: నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియడానికి సెప్టెంబర్‌లో, పొగ ఎటు వస్తోందో తెలియడానికి జనవరిలో.