జబ్బు లేనివాళ్ల తలుపు తట్టే పని

అందరికీ నమస్కారం. జువాలజీ, మైక్రోబయాలజీ పిల్లలతో పాటు ఎంబీబీఎస్ వాళ్లు కూడా వచ్చారని చెప్పారు, సంతోషం. అంటురోగాల మీద, పరాన్నజీవుల మీద పరిశోధన చేసేవాళ్ల బతుకు ఎలా ఉంటుందో మాట్లాడమన్నారు. అసలు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత దాని చుట్టూనే తిరుగుతాను. డాక్టరు దగ్గరికి జబ్బున్నవాడు తనంతట తాను వస్తాడు. మేము జబ్బు లేనివాడి ఇంటికి వెళ్తాం. ఎందుకంటే ఇన్నేళ్లలో నేను పనిచేసిన జబ్బుల్లో చాలావాటికి కాపురం అక్కడే.

ఇవాళ ఆగస్టు 20. రోనాల్డ్ రాస్ పేరు ఎత్తకుండా ఈ ఊళ్లో ఈ రోజున మాట్లాడలేం. 1897లో ఇదే తేదీన మన సికింద్రాబాద్‌లో, హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమల్ని కోసి చూస్తూ, ఒక దోమ కడుపు గోడ మీద మలేరియా పరాన్నజీవిని ఆయన గుర్తుపట్టాడు. కుట్టించుకున్నందుకు ఆ రోగికి దోమకి ఒక అణా ఇచ్చాడంటారు. బేగంపేటలో పాత విమానాశ్రయానికి దగ్గర్లో ఆ భవనం ఇప్పటికీ ఉంది, చూడకపోతే వెళ్లి చూడండి. 1902లో నోబెల్ వచ్చింది. ఇంతవరకు అందరికీ తెలుసు.

నన్ను ఈ దారిలోకి లాగింది మాత్రం రాస్ ఆ తర్వాత చేసిన పని. ఆయన కూర్చుని లెక్కలు వేశాడు. ఊళ్లో మలేరియా పోవాలంటే దోమలన్నీ చావాల్సిన పని లేదు, ఒక హద్దు కంటే తగ్గితే చాలు, జబ్బు తనంతట తానే ఆరిపోతుందన్నాడు. చాలామంది నమ్మలేదు. 1950ల్లో జార్జ్ మెక్‌డోనాల్డ్ అనే మలేరియా శాస్త్రవేత్త ఇంకో అడుగు ముందుకేసి, దోమల సంఖ్య కన్నా దోమ ఆయుష్షు ముఖ్యమని చూపించాడు. చిన్న లెక్కే, చూడండి. దోమ ఒంట్లోకి చేరిన పరాన్నజీవి ఇంకొకరికి ఎక్కడానికి సిద్ధం కావాలంటే దాదాపు పది రోజులు పడుతుంది, అంతవరకు ఆ దోమ బతికి ఉండాలి. రోజూ వందలో తొంభై దోమలు బతుకుతుంటే పది రోజుల తర్వాత సుమారు 35 మిగులుతాయి. వందలో ఎనభై మాత్రమే బతికితే పది రోజులకి మిగిలేవి 11. రోజువారీ బతుకు కాస్త తగ్గించామంతే, ప్రమాదం మూడో వంతుకు పడిపోయింది. ఇంటి లోపలి గోడలకి మందు కొట్టడం, మందు పెట్టిన దోమతెర కట్టుకోవడం ఎందుకు అంత బాగా పనిచేశాయో ఈ లెక్కలో ఉంది. డిగ్రీలో ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పెన్నూ కాగితంతో జ్వరాన్ని ఆపొచ్చా అనిపించింది.

కానీ కాగితం మీద పని కాదు ఇది. నేను దీన్ని నేర్చుకున్నది బోదకాలు సర్వేల్లో, నల్లగొండ వైపు ఊళ్లలో.

బోదకాలు సర్వే అంటే రాత్రి పని. ఈ జబ్బుకి కారణమైన పురుగు పిల్లలు, అంటే మైక్రోఫైలేరియాలు, పగలంతా ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు మధ్యలో చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. దీన్ని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. అందుకని మేం కూడా రాత్రే వెళ్లాలి. పొద్దంతా పొలం పని చేసి పడుకున్న మనిషిని లేపి, వేలికి సూది గుచ్చుతామంటే ఎవరు ఊరుకుంటారు? "నేను మంచిగనే ఉన్న గదా సారూ, కాలు వాచింది మా పెద్దనాయినకు, ఆయన దగ్గరికి పో" అనేవాళ్లు. నూటికి తొంభై మంది చెప్పే మాట ఇదే. వినడానికి న్యాయంగా ఉంటుంది.

అసలు కిటుకంతా ఇక్కడుంది. కాలు ఏనుగు కాలంత వాచిన ఆ పెద్దాయన రక్తం తీసి చూస్తే చాలాసార్లు ఏమీ కనబడదు. పురుగులు ఆయన ఒంట్లో చేయాల్సిన పాడు ఎప్పుడో చేసేశాయి. ఆయన నుంచి ఇంకొకరికి జబ్బు పాకడం అరుదు. అదే పందిట్లో, ఏ బాధా లేకుండా, కబడ్డీ ఆడి వచ్చి పడుకున్న పాతికేళ్ల కుర్రాడి రక్తపు చుక్కలో మైక్రోఫైలేరియాలు మెలికలు తిరుగుతూ ఉంటాయి. దోమకి కావాల్సింది ఆ కుర్రాడు. ఊళ్లో జబ్బు నిలబడింది వాడి మీద, వాడికేమో ఆ సంగతే తెలియదు. కాలు వాచినవాళ్లని మాత్రమే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఎన్నేళ్లయినా ఈ జబ్బు పోదు.

అందుకే ఊరందరికీ మాత్రలు. డీఈసీ, ఆల్బెండజోల్, ఇప్పుడు కొన్ని జిల్లాల్లో వాటితో పాటు ఐవర్‌మెక్టిన్ కూడా. పెద్ద పురుగు ఒంట్లో ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతుకుతుంది, డీఈసీ, ఆల్బెండజోల్ దాన్ని పూర్తిగా చంపవు, రక్తంలోని పిల్లల్ని మాత్రం ఊడ్చేస్తాయి. కాబట్టి ఏటా ఒకసారి చొప్పున కనీసం ఐదేళ్లు, మొత్తం జనాభాలో 65 శాతం తగ్గకుండా మింగాలి. ఇచ్చాం అంటే లెక్కలోకి రాదు, మింగాలి. ఎన్ని ఇళ్లలో చూశానో, మాత్రలు టీవీ పక్కన గూట్లో భద్రంగా ఉంటాయి, రిజిస్టర్లో మాత్రం టిక్కు ఉంటుంది. "మా ఎదురుగా మింగండి అమ్మా" అని నిలబడి అడిగే ఆశా వర్కరే ఈ కార్యక్రమం మొత్తానికి ప్రాణం. ఆమెకి ఇచ్చే డబ్బు ఆ శ్రమకి ఏ మూలకీ సరిపోదు, ఇది నేను ప్రతి సభలోనూ చెబుతాను, ఇక్కడా చెబుతున్నాను.

ఇంకో సంగతి. మాత్ర మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలతిప్పు వస్తాయి. చచ్చిపోతున్న మైక్రోఫైలేరియాల వల్ల ఒంట్లో వచ్చే గొడవ అది. అంటే సాధారణంగా జ్వరం వచ్చినవాడి దగ్గరే పురుగు ఉన్నట్టు, ఆ మాత్ర అవసరం అందరికంటే ఎక్కువ వాడికే ఉన్నట్టు. ఊళ్లో మాత్రం "ఆ గోళీలు ఏసుకుంటే జరమొస్తది" అని పుకారు లేస్తుంది, మరుసటి ఏడాది ఆ వాడంతా తలుపులు వేసుకుంటుంది. ముందురోజే వెళ్లి కూర్చుని ఇది చెప్పిన చోట, నా అనుభవంలో, గొడవ చాలా తగ్గింది. ముందే చెప్పడం కూడా పరిశోధనలో భాగమే, మొదట్లో నాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు.

చివరికి జబ్బు ఆగిందా లేదా అని ఎవరి రక్తం చూస్తారో తెలుసా? ఆరేడేళ్ల పిల్లలది. వాళ్లు పుట్టింది మాత్రలు మొదలయ్యాకో, ఆ నడుమో. వాళ్లలో పురుగు ఆనవాలు కనిపించిందంటే ఊళ్లో జబ్బు ఇంకా పాకుతోందనే అర్థం. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల వేలి నుంచి తీసే ఆ చుక్కలో పెద్దవాళ్ల పదేళ్ల కష్టానికి మార్కులు పడతాయి.

ఫిట్స్ సంగతి కూడా ఇలాంటిదే. మెదడులో బద్దెపురుగు (టేప్‌వార్మ్) తిత్తులున్నాయని స్కానింగ్‌లో తేలినప్పుడు ఇంట్లోవాళ్లు నిర్ఘాంతపోతారు, "మేం పంది మాంసం ముట్టనే ముట్టం కదా డాక్టర్" అంటారు. నిజమే, ముట్టనవసరం లేదు. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాడి పేగుల్లో పురుగు పెరుగుతుంది, అతనికి పెద్దగా బాధే ఉండదు. అతని మలంతో బయటపడ్డ గుడ్లు చేతుల ద్వారానో, కూరగాయల మీది నుంచో ఇంకొకరి నోట్లోకి వెళ్తే, ఫిట్స్ వచ్చేది ఆ ఇంకొకరికి. మందు న్యూరాలజిస్టు ఇస్తారు. ఆ గుడ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ ఆ వీధిలో తిరిగేది మాత్రం మేము.

ఇదంతా పల్లెటూళ్ల గోల అనుకోకండి. 2021 మొదట్లో ఇదే హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి 30 వార్డుల్లో దాదాపు 9000 మందిని పరీక్షిస్తే, 54 శాతం మందిలో కరోనా యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి పైగా తమకు అది వచ్చి పోయిందన్న సంగతే తెలియదు. మనం రోజూ టీవీలో చూసి టెన్షన్ పడిన కేసుల అంకె భిన్నంలో లవం మాత్రమే. హారం, అంటే మొత్తం ఎంతమందికి సోకిందన్న అంకె, ఈ సర్వేలో బయటపడింది. హారం లేకుండా వందలో ఎంతమందికి ముదిరిందో, ఏ బస్తీలో ఎక్కువుందో ఎవరూ చెప్పలేరు. వానాకాలంలో నల్లకుంట కోరంటి దవాఖాన (ఫీవర్ ఆసుపత్రి) ముందు లైను పెరిగితే డెంగీ పెరిగిందంటాం. పెరిగిందా, పరీక్షలు పెరిగాయా, పక్క జిల్లాల వాళ్లు వచ్చారా? వీధిలోకి వెళ్లకుండా తేలదు.

కేసులు తగ్గగానే చూడటం మానేస్తే ఏమవుతుందో కూడా మన దేశం చూసింది. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఏడాదికి ఏడున్నర కోట్ల మలేరియా కేసులు, 8 లక్షల చావులు ఉండేవని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలయ్యాక 1960ల తొలినాళ్లకి కేసులు లక్ష లోపుకి దిగిపోయాయి. ఇక అయిపోయిందనుకుని పట్టు సడలించారు, అటు దోమలు డీడీటీ అనే పురుగుమందుకి లొంగడం మానేశాయి. 1976లో 64 లక్షలు దాటాయి.

దానికి ఎదురుగా నారి కురుపుని (గినియా వార్మ్) పెట్టి చూడండి, నాకు ఈ వృత్తి మీద నమ్మకం కలిగించిన జబ్బు అది. మన ఉమ్మడి రాష్ట్రంలోనూ ఉండేది. కాల్లోంచి మూరకి మించిన పొడవు పురుగు వారాల తరబడి బయటికి వచ్చేది, మనిషి నడవలేక మూలుగుతూ దిగుడు బావిలో కాలు పెడితే ఆ నీళ్లలోకి పురుగు పిల్లల్ని వదిలేది, ఆ నీళ్లు తాగినవాళ్లకి జబ్బు ఎక్కేది. టీకా లేదు, పురుగును చంపే మందు లేదు. గుడ్డతో నీళ్లు వడకట్టించారు, దిగుడు బావుల్లోకి మనుషులు దిగకుండా చేశారు, బోర్లు వేశారు, ఊరూరా ఇల్లిల్లూ తిరిగి కేసులు వెతికారు. ఆఖరి కేసు 1996లో రాజస్థాన్‌లో. ఆ తర్వాత కూడా వెతకడం ఆపలేదు, అందుకే 2000లో దేశానికి విముక్తి సర్టిఫికెట్ వచ్చింది. ఆ వెతికినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు, నాకు అది బాధగానే ఉంటుంది.

ఇక మీకు కావాల్సిన కబుర్లు. జీతం తక్కువ, మొదటి ఏళ్లన్నీ ప్రాజెక్టు కాంట్రాక్టులే, ఇంట్లో ఓపిక కావాలి. గణాంకాలు తప్పించుకోలేరు, ఇప్పటి నుంచే నేర్చుకోండి. దోమల మీద ఇష్టముంటే పుదుచ్చేరిలో దోమల్లాంటి రోగవాహకాల మీద పనిచేసే వీసీఆర్‌సీలో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ, అంటే జబ్బులు మోసే కీటకాల చదువు, ఎమ్మెస్సీ ఉంది, జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చదివే ఎపిడెమియాలజీకి చెన్నైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ ఉంది, మన ఊళ్లోనే ప్రజారోగ్యం నేర్పే ఐఐపీహెచ్ ఉంది. తెలుగుతో పాటు ఉర్దూ వస్తే పాతబస్తీలో మీ పని సగం అయిపోయినట్టే, లంబాడీ నాలుగు ముక్కలు వచ్చినా తండాల్లో మిమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇస్తారు.

వీటన్నిటికీ ముందు ఒకటి చేయండి. ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్రలు వేస్తారు, ఏడాది నుంచి పందొమ్మిదేళ్ల దాకా పిల్లలందరికీ. మీ బస్తీ ఆశా వర్కర్‌ని అడిగి ఆ రోజు ఆమెతో వెళ్లండి. మాత్ర వేసుకున్న పిల్లల్ని ఆమె రాసుకుంటుంది. ఆ రోజు బడికి రానివాళ్ల పేర్లు, అసలు బడిలో పేరే లేనివాళ్ల పేర్లు మీరు రాసుకుని, వాళ్ల ఇళ్లకి వెళ్లి ఎందుకు రాలేదో అడగండి. ఆ కాగితం నాకు చూపిస్తే కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడు ప్రశ్నలు అడగండి, వెనక వరుసలో అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉంది, ముందు ఆమెకి మైకు ఇవ్వండి.